వాపు తగ్గించే పొడి

మా ఇంట్లో ఎవరికి కాలు బెణికినా, పన్ను నొప్పి లేచి దవడ ఉబ్బినా, నా ముందు వాపు గోలీ పేరెత్తరు. ఎత్తితే నేనేమంటానో అందరికీ తెలుసు. నా భర్తయితే నవ్వుతాడు. "గోలీ ఏం జేసిందే నీకు, పగవట్టినట్టు మాట్లాడ్తవ్" అంటాడు. గోలీ నాకేమీ చేయలేదు. చేసింది మా యారాలికి. యారాలంటే తోడికోడలు, మా బావ భార్య. నాకంటే చాలా పెద్దది. నేనామెను అక్కా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. ఒక్క కడుపున పుట్టినవాళ్లు కూడా ఇంత సఖ్యంగా ఉండరని ఊళ్లో కొందరు మమ్మల్ని చూసి కళ్లల్లో నిప్పులు పోసుకునేవారు.

మా ఊరు జడ్చర్లకు దగ్గర. అంతా చెల్క భూమి. వానొస్తే పత్తి, రాకపోతే వలస. మా అత్తమామల వయసంతా బొంబాయి, పుణె మట్టిపనుల్లోనే పోయింది. తెలంగాణ వచ్చిన కొత్తలో జడ్చర్ల చుట్టుపక్కల కంపెనీలు పెరిగి, వాటి బస్సులు మా ఊరిదాకా రావడం మొదలైంది. అక్క ముందు ఒక గోలీల కంపెనీలో చేరింది. మరుసటేడు నన్నూ వెంట పెట్టుకుపోయింది. "ఎండల కలుపు తీసుడు కంటె ఫ్యాను కింద గోలీలు ఏరుడు మంచిగ లేదా చెల్లె?" అంది. మంచిగానే ఉండేది, అబద్ధమెందుకు? ఆ బస్సులో పోతూ వస్తూ మేమిద్దరం నవ్వినన్ని నవ్వులు నేను మళ్లీ నవ్వలేదు.

ఆ కంపెనీలో చేసే వాటిలో మాకు బాగా ఎరుకైనది వాపు గోలీ. దాని పొడి పెద్ద డబ్బాల్లో వచ్చేది. లేత గోధుమ రంగు, మైదా కంటే మెత్తన. మూత తీస్తే పులిసిన పిండి వాసన కొట్టేది. దాన్ని జల్లెడ పట్టి, వేరే పొడులతో కలిపి మిషన్‌లో పోస్తే గోలీలవుతాయి. అక్కది జల్లెడ గది. నాది ఆ పక్క గదిలో విరిగిన గోలీలను ఏరే బల్ల. డబ్బా మీద ఎంజైము అని ఇంగ్లీషులో ఉంటే నేనే చదివి చెప్పాను. ఇంటర్‌లో బైపీసీ చదివినదాన్ని కదా, ఆ మాత్రం గొప్ప చూపించుకోకపోతే ఎట్లా! "ప్రొటీన్లను ముక్కలు చేసే ఎంజైము అక్కా గిది. గిసొంటివే మన కడుపుల గూడ ఉంటయి. తిన్న కూర అరిగేది వాటితోనే" అని పాఠం అప్పజెప్పాను.

"అయితే మన కడుపుల ఉండేదే గద, ఏమైతది?" అంది అక్క. ఆ గదిలో పనిచేసిన ఆడవాళ్లందరి ధైర్యమూ అదే.

ధైర్యమే కాదు, గర్వం కూడా. ఊళ్లో ఎవరు కింద పడినా, ఎవరి చిగుళ్లు వాచినా మా ఆర్‌ఎంపీ డాక్టరు ఆ గోలీయే రాసేవాడు. ఎవరింట్లోనైనా ఆ స్ట్రిప్పు కనబడితే అక్క చేతిలోకి తీసుకుని తిప్పి చూసేది. "మనం జల్లించిందే" అని నాకు కన్ను గీటేది. చదువు రాని మనిషి, మందు చేస్తున్నానని మురిసిపోయేది.

కంపెనీవాళ్లు ముక్కుకు కట్టుకోమని ఇచ్చే మాస్కు కాగితం కంటే పలుచన. చాయ్ టైముకే చిరిగేది. ఇంకొకటి అడిగితే "పొద్దుగాలనే ఇచ్చినం గద" అని సూపర్‌వైజరు కసురుకునేవాడు. జల్లెడ ఊపితే పొడి పొగలాగా లేచి కనురెప్పల మీద, చెవుల వెనక పేరుకునేది. మాకు దుమ్మేమైనా కొత్తా? కందికట్టె కొట్టేటప్పుడు, మిరపకాయలు దంచేటప్పుడు మా దిక్కు ఆడవాళ్లు చేసే పని ఒకటుంది. దస్తీని నీళ్లలో ముంచి, పిండి, ముక్కూ నోరూ కలిపి గట్టిగా కట్టేస్తారు. దుమ్ము తడికి అతుక్కుని లోపలికి పోదు. అక్క అదే చేసింది. ఆ గదిలో ఉన్న తక్కిన ఆడవాళ్లకూ నేర్పింది. అందరూ కుళాయి కింద దస్తీలు తడుపుకుని లోపలికి పోయేవారు.

ఈ దుమ్ము కందికట్టె దుమ్ము కాదని మాకు చెప్పిన పుణ్యాత్ముడు ఒక్కడు లేడు. ఆ పొడి ఆరి ఉన్నంతసేపు ఊరుకుంటుంది. తడి తగిలితే పనిలోకి దిగుతుంది. దాని పని ప్రొటీను కోయడం. మనిషి తోలంతా ప్రొటీనే. చూస్తుండగానే అక్క పెదాల చుట్టూ కందిపోయి, తోలు పొరలు పొరలుగా లేచింది. కూర కారం తగిలితే కళ్ల నిండా నీళ్లు తిరిగేవి. "సబ్బు పడ్తలేదే చెల్లె" అని సబ్బు మార్చింది. తర్వాత దస్తీ కూడా మార్చింది. కొత్త దస్తీని కూడా తడిపే కట్టుకుంది.

తర్వాత దగ్గు మొదలైంది. సాయంత్రం బస్సెక్కేసరికి కళ్లు ఉబ్బేవి, ఛాతీలో పిల్లికూతలు వినబడేవి. నేను పక్క సీట్లో కూర్చుని వినేదాన్ని. అంతలో కరోనా వచ్చి పడింది. మనిషి దగ్గితే ఆమడ దూరం పారిపోయే రోజులు. పరీక్ష చేయించాం, లేదన్నారు. లేదంటే మాత్రం ఎవరు నమ్ముతారు? నల్లా దగ్గర ఆడవాళ్లు అక్కను చూసి బిందెలు పక్కకు జరుపుకున్నారు. మందుల కంపెనీ కాబట్టి పని ఆగలేదు గానీ, మా ఊరి బస్సును మాత్రం కొన్నాళ్లు బంద్ పెట్టారు.

ఆ కొన్నాళ్లలో అక్కకు దగ్గు పూర్తిగా పోయింది. పెదాలు మానాయి, కళ్లు తేటపడ్డాయి. చేనుకు పోయి నాతో సమానంగా పని చేసింది. మళ్లీ బస్సు మొదలైన రోజు సాయంత్రమే పిల్లికూతలు తిరిగొచ్చాయి. కళ్ల ముందు ఇంత స్పష్టంగా కనబడుతుంటే మా ఇంట్లో తేలిన తీర్పు ఏమిటో తెలుసా? మా అత్తమ్మ వాకిట్లో కూర్చుని అందరికీ వినబడేటట్టు అంది: "ఇంట్ల ఉంటె గుర్రం లెక్క ఉరుకుతది, పనికి పొమ్మంటె దగ్గొస్తది. గిసొంటి యాక్టింగు నేను సినిమాల గూడ చూడలే." బావ పకపకా నవ్వాడు. పాపం, అక్కకు కూడా నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చి గోడ పట్టుకుని కూలబడింది. ఆ రోజు మా అత్తమ్మ మీద నాకు పుట్టిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఒక సాయంత్రం బస్సు దిగేసరికి అక్క కళ్లు పూర్తిగా మూసుకుపోయాయి. చేయి పట్టుకుని ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకుపోయాను. చెడ్డవాడు కాదు, ఊరంతటికీ తలలో నాలుక. చూశాడు, "వాపున్నది, వాపు గోలీ వేస్త" అన్నాడు. అక్క వేళ్లతో రెప్పలు విడదీసి స్ట్రిప్పు చూసుకుంది. "డాక్టర్‌సాబ్, గిది మా కంపెనీదే!" అని నవ్వింది.

"అయితే ఇంక మంచిగ పనిచేస్తది. నీ చేతి గోలీ గద!" అన్నాడాయన.

నేనే నీళ్లిచ్చాను. అక్కడే మింగింది. ఇంటికొచ్చి నేను పొయ్యి మీద ఎసరు పెట్టాను. అన్నం ఉడికేలోగా అరచేతులు దురద అంది అక్క. చూస్తుంటేనే పెదాలు ఉబ్బాయి, మెడ ఎర్రబడింది, గొంతు బొంగురుపోయింది. "చెల్లె, గాలి..." అని అంతకంటే మాట రాలేదు. బావ ఆటో కోసం పరుగెత్తాడు. ఆటోలో నేను ఆమె తలను ఒళ్లో పెట్టుకుని, కొంగుతో విసురుతూ, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. చచ్చిపోతుందనే అనుకున్నాను. జడ్చర్ల దవాఖానలో సూది వేసి, ఆక్సిజన్ పెట్టి, ఊపిరి కాస్త అందాక అంబులెన్సులో మహబూబ్‌నగర్ పంపారు.

అక్కడ ఒక లేడీ డాక్టరు చూసింది. నల్గొండ దిక్కు పిల్ల, మాటలో తెలిసిపోయింది. వయసు చిన్నదే గానీ అంతవరకూ ఎవరూ అడగనివి అడిగింది. ఏం పని చేస్తది? ఆదివారం ఎట్ల ఉంటది? బస్సు బంద్ అయినప్పుడు ఎట్ల ఉండె? నేను చెబుతుంటే తల పంకిస్తూ వింది. వాపు గోలీ మింగిందని చెప్పేసరికి చేతిలో పెన్ను కింద పెట్టేసింది.

"మన ఒంట్ల గూడ గిసొంటి ఎంజైములు శానా ఉంటయమ్మా" అంది. "దెబ్బ తాకితె వాపు రావాలె. నెత్తురు, నీరు ఆ జాగాకు చేరితెనే పుండు మానుతది. ఆ వాపును పిలిచేది గూడ ఎంజైములే, ప్రొటీన్లను కోసి పిలుస్తయి. పని అయిపోయినంక ఇగ సాలని వాపును దింపేది గూడ కోసుడే. ఎప్పుడు కొయ్యాలె, ఎప్పుడు ఆపాలె అనేది ఒంటికి ఎరుకే. ఈ ఎంజైములు కత్తెరల లెక్క. ఒక్కొక్క కత్తెరకు దాని చెయ్యి పట్టి ఆపెటోళ్లు నెత్తుర్ల తిరుగుతుంటరు. కానీ మీ అక్క రోజూ పీల్చింది బయటి కత్తెర. గంత పొడి మీద పడితె ఆపెటోళ్లు ఎక్కడ సరిపోతరు?"

ఊపిరి గొట్టాల లోపలి పొరలో కణాలు ఒకదానికొకటి ప్రొటీన్లతోనే అతుక్కుని ఉంటాయట. పొడి ఆ అతుకులను కోసేస్తుంది. కోసినప్పుడల్లా ఒళ్లు దెబ్బ తగిలిందనుకుని వాపును పిలుస్తుంది. మానేలోగా మళ్లీ తెల్లారి బస్సు, మళ్లీ జల్లెడ. అట్లా రోజూ కోయించుకుని కోయించుకుని, చివరికి ఒళ్లు ఆ పొడినే శత్రువని గుర్తుపెట్టేసుకుంటుంది. ఒకసారి గుర్తుపెట్టుకున్నాక చిటికెడు చాలు, పీల్చినా సరే, మింగినా సరే.

"మరి వాపు తగ్గుతదని గద మేడం అందరికీ ఇస్తరు?" అన్నాను.

"ఇస్తరు. ఎంత తగ్గిస్తదో నాకు గూడ గట్టిగ తెల్వదు. ఈమెకు మాత్రం అది విషం." అక్కకు నోట్లో పెట్టుకుని పీల్చే పంపు ఇచ్చి, ఎట్లా పీల్చాలో, ఎంతసేపు ఊపిరి బిగబట్టాలో నేర్పింది. తర్వాత నా వైపు తిరిగింది. "ఆ పొడి ఉన్న జాగాకు ఈమె ఇగ పోవద్దు. ఆ పొడి అంటిన బట్టలు గూడ ఈమె దగ్గరికి రావద్దు."

నేను కంపెనీ నుంచి వచ్చిన బట్టలతోనే ఉన్నాను. దారి పొడుగునా ఆ కొంగుతోనే విసిరాను. లేచి, మంచానికి దూరంగా గోడ దగ్గరికి పోయి నిలబడ్డాను.

అక్క తేరుకున్నాక బావా, నేనూ కంపెనీకి పోయాం. వేరే గదిలో పనివ్వమని అడగడానికి కాదు, జరిగింది చెప్పడానికి. లోపల ఇంకా ఎంతోమంది ఆడవాళ్లున్నారు కదా. మేనేజరు విననైనా వినలేదు. "ఆమెకు పుట్టుకతోనే దమ్ము రోగం ఉన్నట్టుంది" అన్నాడు. పక్కనున్న సూపర్‌వైజరు అందుకున్నాడు, "దస్తీ తడిపి కట్టుకొమ్మని మేం చెప్పినమా? మీ ఊరి తెలివి మీదే గద!" మంచి మాస్కు ఇచ్చి ఉంటే దస్తీ ఎందుకు తడుపుతారని అడిగాను. బావ నా చేయి పట్టి వెనక్కి లాగాడు. అప్పుడు మేనేజరు గొంతు మెత్తబరిచి, "అయినా మాకు మనుషుల మీద దయ ఉన్నది. ఆమె జాగాల ఇంట్ల నుంచి ఎవలనన్న తోలుండ్రి, పనిస్తం" అన్నాడు. బావ ఆ మనిషికి దండం పెట్టాడు.

తర్వాత కొన్నాళ్లు నేను బస్సు దిగి నేరుగా పశువుల కొట్టంలోకి పోయి, తలంటుకుని, బట్టలు మార్చుకునే ఇంట్లోకి పోయాను. అయినా నేను దగ్గరికి పోతే అక్క ఛాతీ కూయడం మొదలుపెట్టేది. "ఏం లేదు చెల్లె, పొగకు" అనేది. పొయ్యే వెలిగించని పూట పొగ ఎక్కడిది? ఒకనాడు నేను వచ్చే వేళకు ఆమే లేచి వెనక వాకిట్లోకి పోయి ఒంటరిగా కూర్చోవడం చూశాను. మరునాటి నుంచి పని మానేశాను. నా భర్త సరేనన్నాడు. అక్క మాత్రం నా తల నిమిరి, "నా పానం కోసం నీ నోటికాడి కూడు పోగొట్టుకుంటివి గదనే" అని ఏడ్చింది. ఇద్దరం ఇంట్లోనే ఉంటామని, ఏ కూలో నాలో చేసుకుని బతుకుతామని నాకు సంబరంగానే ఉండింది.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. ఇద్దరి జీతాలూ ఆగిపోయేసరికి ఇల్లు తలకిందులైంది. ఆ ఏడు పత్తి కూడా చేతికి రాలేదు. బావకు మేనేజరు మాట గుర్తుకొచ్చింది. అక్కకు ఒక్కతే బిడ్డ. ఇంటర్ అయిపోయింది, మహబూబ్‌నగర్‌లో డిగ్రీలో చేరాలని ఉబలాటపడుతోంది. ఆ పిల్లను కంపెనీకి తోలుతానన్నాడు బావ. అక్క వద్దంది. బతిమాలింది, తిట్టింది, చివరికి "నేను సచ్చినంక తోలుకోండ్రి" అని తలుపుకు అడ్డం పడుకుంది.

"పొడి గదిల కాదే, ప్యాకింగ్‌ల" అన్నాడు బావ. "ప్యాకింగ్‌ల డబ్బాలల్ల పెట్టుడే గద, ఏం కాదు" అంది అత్తమ్మ. పిల్ల కూడా, "ఒక్క యాడాది చేస్తనమ్మా, మళ్ల కాలేజికి పోత" అంది. నేను మాట్లాడబోతే బావ నా వైపు చూసిన చూపు ఉంది చూడండి, పని మానేసినదానివి నీకు మాటెక్కడిదన్నట్టు. ఏ పొడి అక్కకు తగలొద్దని నేను పని మానేశానో, ఆ పొడి నా తర్వాత ఆమె కన్నబిడ్డ జడలో ఇంటికి వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ నా నోట చేదే.

పిల్ల కూడా పాపం కొట్టంలోనే స్నానం చేసేది. కానీ పుట్టినప్పటి నుంచి తల్లి పక్కన పడుకోవడం అలవాటు. తల్లికీ అంతే. పక్కలు వేరుచేశారు, తర్వాత గదులు వేరుచేశారు. మాది ఎంత ఇల్లని? అక్కను మళ్లీ దవాఖానకు తీసుకుపోవలసి వచ్చింది. అది ఇంకోసారి కూడా అయ్యాక, దేవరకొండ అవతల ఊళ్లో ఉండే ఆమె తమ్ముడు వచ్చి, "నేను తీస్కపోత బావ" అన్నాడు. బావ కాదనలేదు, అత్తమ్మ కాదనలేదు. సంపాదించే మనిషి ఇంట్లో ఉండాలి, ఊపిరి అందని మనిషి బయటికి పోవాలి. ఎవరూ పొమ్మనలేదు. మూట కట్టుకుంటుంటే ఎవరూ ఆగమని కూడా అనలేదు, నేను తప్ప. ఇరవై ఏళ్లు కాపురం చేసిన ఇల్లు అది.

కొన్ని నెలలకు పిల్లకు సెలవు దొరికితే ఇద్దరం కల్వకుర్తి మీదుగా బస్సులో అక్క దగ్గరికి బయలుదేరాం. పిల్ల ముందురోజే తలంటుకుంది, తెల్లారి మళ్లీ అంటుకుంది. కంపెనీ ముఖం చూడని కొత్త డ్రెస్సు వేసుకుంది. దారిలో మెల్లగా అంది, "చిన్నమ్మా, నన్ను జల్లెడ గదిల ఏసిన్రు. మనుషులు తక్కువున్నరంట. అమ్మకు చెప్పకు, నీకు దండం పెడ్త."

"ఎన్నాళ్లాయె?" అన్నాను.

"శానా రోజులే" అంది. ఆ పిల్లను తిట్టాలో, మా బావను తిట్టాలో, మమ్మల్ని పుట్టించిన దేవుణ్ణి తిట్టాలో తెలియలేదు. చెప్పనని మాటిచ్చాను.

అక్క గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. చిక్కిపోయింది గానీ ముఖం తేటగా ఉంది, ఊపిరి నిమ్మళంగా ఆడుతోంది. ఆ ఊళ్లో పంపుతో పనే పడటం లేదని తమ్ముడి భార్య చెప్పింది. పిల్ల మాత్రం దూరంగానే నిలబడి, "మంచిగున్నవా అమ్మా?" అంది.

"ఆగు బిడ్డ, ఆడనే ఆగు" అంది అక్క. గబగబా లోపలికి పోయి పంపు తెచ్చుకుంది. నోట్లో పెట్టుకుని పీల్చింది, డాక్టరు నేర్పినట్టు ఊపిరి బిగబట్టింది, కాసేపాగి మళ్లీ పీల్చింది. పంపు కొంగున చుట్టుకుని చేతులు చాపింది. "ఇగ రా."

పిల్ల ఒక్క అంగలో పోయి మీద పడింది. అక్క బిడ్డను గట్టిగా పట్టుకుని, జడలో ముఖం పెట్టుకుని అట్లాగే ఉండిపోయింది. పిల్ల రెండుసార్లు తలంటుకున్నా, తను ముందే పంపు పీల్చినా, కొద్దిసేపటికి ఛాతీలో కూత మొదలైంది, తర్వాత దగ్గు. పిల్ల విడిపించుకోబోతే విడవలేదు. దగ్గుతూనే పట్టుకుని, దగ్గు మధ్యలో కాస్త ఊపిరి దొరకగానే అడిగింది.

"నిన్ను జల్లెడ గదిల ఏసిన్రా బిడ్డ?"